ఫారంలో లేని ఒక్కపొద్దు

మోకాళ్ల నొప్పులా? షుగరా? ఆయాసమా? ఏళ్ల తరబడి తగ్గని దురదా? ఇలాంటి ప్రశ్నలతో మొదలై, "మా పరిశోధనలో స్వచ్ఛందంగా పాల్గొనండి" అని ముగిసే రంగు కాగితాలను సూర్యాపేట బస్టాండులోనూ, కోదాడ చౌరస్తాలోనూ, మిర్యాలగూడ రైసుమిల్లుల గేట్ల ముందూ పంచిన చేతులు నావి. తీసుకున్నవాళ్లలో చాలామంది చదవకుండానే మడిచి జేబులో పెట్టుకునేవారు. కొందరు ఆ కాగితంలోనే మిర్చిబజ్జీ పెట్టుకుని తినేవారు. ఎవరో ఒకరు ఆగి, "గీ వాలంటీరంటే ఏంది మేడం?" అని అడిగేవారు. కోదాడలోనైతే ఆ మాటతో ఇంకో తిప్పలు. అవతల ఆంధ్రాలో ఇంటింటికీ పింఛను పంచిన పిల్లలను వాలంటీర్లనేవారు కాబట్టి, మేమూ ఏదో పింఛను రాయించడానికి వచ్చామనుకుని ముసలివాళ్లు ఆధార్ కార్డులు పట్టుకుని వరుస కట్టేవారు.

ముప్పై ఏళ్లకు పైగా నర్సుగా చేశాను. అందులో చివరి తొమ్మిదేళ్లు క్లినికల్ ట్రయల్స్ కోఆర్డినేటర్‌ని. కొత్త మందును బజారులోకి వదిలే ముందు మనుషులకు ఇచ్చి చూడాలి. ఆ మనుషులను వెతకడం, ఒప్పించడం, సంతకం పెట్టించడం, మాత్రలివ్వడం, నెలనెలా పిలిపించి వాళ్లు చెప్పింది రాసుకోవడం నా పని. మా ఆసుపత్రికి సూర్యాపేటలో పెద్ద భవనం, కోదాడలో, మిర్యాలగూడలో చిన్న శాఖలు ఉండేవి. వారంలో మూడు ఊళ్లూ తిరిగేదాన్ని. ఒక సంచిలో షుగరు ఫైళ్లు, ఇంకో సంచిలో ఆయాసం ఫైళ్లు. బస్సు కండక్టర్లు నన్ను బ్యాంకు మేడం అనుకునేవారు.

ఈమధ్య మా బంధువుల అమ్మాయి ఒకతి ఇదే పనిలో చేరింది. మెడలో కార్డు, భుజాన ల్యాప్‌టాప్. "అత్తా, ఏమన్న సలహాలు చెప్పు" అని అడిగింది. సలహాలు చెప్పేంత గొప్ప కోఆర్డినేటర్ని కాదు నేను. ఒక తప్పు చేశాను, అదొక్కటి చెప్పగలను. ఆ అమ్మాయికీ, ఆమెలా కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలందరికీ కలిపి ఇది రాస్తున్నాను. చదివాక నా మీద మీకు గౌరవం మిగలకపోవచ్చు. అయినా పర్వాలేదు.

ముందు ఫారం సంగతి చెప్పాలి. వాలంటీరు సంతకం పెట్టే సమ్మతి పత్రం మాకు పైనుంచి తెలుగులోనే వచ్చేది. అది తెలుగని వాళ్లు చెప్పబట్టి నమ్మాల్సిందే. "యాదృచ్ఛికంగా కేటాయించబడుదురు" అని ఒకచోట, "నిష్క్రియ మాత్ర" అని ఒకచోట. ఇరవై పేజీలు. సూర్యాపేటలో ఒక రిటైరైన తెలుగు పంతులుగారికి ఇస్తే ఆయనే రెండో పేజీలో ఆగి కళ్లజోడు తుడుచుకున్నాడు. నేను మాత్రం నోటితో మా భాషలో చెప్పేదాన్ని. "కంప్యూటరు చిట్టీలు తీస్తది. మీకు కొత్త గోలి రావచ్చు, ఉత్త గోలి రావచ్చు. ఏది వచ్చిందో నాకు తెల్వది, డాక్టరుకూ తెల్వది." గోలి అంటే మా దగ్గర మాత్ర, ఉత్త గోలి అంటే మందు లేని మాత్ర. ఇలా చెబితే అందరికీ అర్థమయ్యేది. అన్నీ ఇలా విప్పి చెప్పే నేను, ఒక్క ప్రశ్నను మాత్రం ఫారంలో ఉన్నది ఉన్నట్టే చదివేదాన్ని. అది చాలా చిన్న ప్రశ్న. అందులో విప్పి చెప్పడానికి ఏముందనిపించేది.

నాతోపాటు పనిచేసేది కోదాడ అమ్మాయి. వాళ్లది అసలు చిలుకూరు. నేను కాగితం మీద రాసినదంతా కంప్యూటర్లోకి ఎక్కించడం ఆమె పని. మాటకు ముందొక అండీ, వెనకొక అండీ. "అక్కా, ఈ మాట చదవడానికి రావట్లేదండీ, నెప్పా, నొప్పా?" అని అడిగి నన్ను విసిగించేది. కానీ ఆమె కంట పడకుండా ఒక్క తప్పు కూడా పోయేది కాదు. ఇక మా డాక్టరుగారు షుగరు వ్యాధికి ఆ చుట్టుపక్కల పేరున్న మనిషి. ఆయన చెడ్డవాడని రాస్తే నాకు ఇప్పుడు చాలా సులువయ్యేది. కాదు, మంచివాడే. బయట ఎనభై మంది కూర్చుని ఉంటే ట్రయల్ పేషెంటుకు పది నిమిషాలు ఇచ్చేవాడు. ఆ పది నిమిషాల్లో ఆరు ఫోనులో పోయేవి. మిగతాదంతా "సిస్టర్ చూసుకుంటది" అనేవాడు. ఆయన నమ్మకం చూసి నేను పొంగిపోయేదాన్ని.

ఆ షుగరు ట్రయల్లో చేరినవాళ్లలో ఒకామె మిర్యాలగూడ రైసుమిల్లులో పనిచేసేది. బస్తాలు కుట్టే దగ్గర కింద రాలిన బియ్యం ఊడ్చి, చెరిగి, మళ్లీ కుప్ప పోసే పని. యాభై దాటిన మనిషి. భర్త లేడు, ఒక్కతే కూతురు, హాలియాలో కాపురం. గేటు దగ్గర నేను కాగితం ఇస్తే మూడో రోజే ఆసుపత్రికి వచ్చింది. తలలో తవుడు, చెవి వెనక తవుడు.

"గోలీలు ఉత్తగనే ఇస్తరట గద సిస్టరమ్మా. రక్తపరీచ్చలు గూడ ఉత్తగనేనా?"

"ఉత్తగనే అక్కా. కానీ చెప్పినట్టు వినాలె."

"వింట. నేను మాట వినే మనిషినే, మా మిల్లుల అడుగు."

నిజంగానే ఆమె అంత మాట వినే మనిషి.

సంతకం పెట్టించేటప్పుడు కెమెరా పెట్టాలి. మనిషికి అన్నీ చెప్పామనీ, ఆమె ఒప్పుకుందనీ రుజువుగా ఆ వీడియో దాచాలి. కెమెరా చూసి ఆమె కొంగు సర్దుకుంది, ఫొటో స్టూడియోలో కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంది. ఒక్కో ప్రశ్నా చదువుకుంటూ వెళ్లాను. ఆ చిన్న ప్రశ్న దగ్గరికి వచ్చాను.

"మీరు మతపరమైన లేదా ఇతర కారణాలతో ఉపవాసాలు పాటిస్తారా?"

ఆమె నవ్వింది. "లే సిస్టరమ్మా. ఉపవాసాలు మేమెక్కడుంటం."

'లేదు' అన్న గడిలో టిక్కు పెట్టాను. ఉపవాసాలుండేవాళ్లను ఈ ట్రయల్లో చేర్చకూడదు. షుగరు మాత్ర వేసుకుని కడుపు మాడ్చుకుంటే రక్తంలో చక్కెర పడిపోతుంది, ప్రాణం మీదికి వస్తుంది. ఇది నర్సింగు మొదటి సంవత్సరం పిల్లకు కూడా తెలిసిన విషయం.

మాది హుజూర్‌నగర్ దగ్గర ఒక పల్లె. మా నాన్న కూలికి పోయేవాడు, మా పెదనాన్న చర్చిలో పాటలు పాడించేవాడు. మా ఇంట్లో ఉపవాసం అంటే శుక్రవారం చర్చిలో అందరం కూడి చేసే ఉపవాస ప్రార్థన. మా పక్క వాడలో ఆ మాటే వినపడేది కాదు. వాళ్లది ఒక్కపొద్దు. ఒక వారం మొక్కుకుని, ఆ రోజు పొద్దంతా ఏమీ ముట్టకుండా ఉండి, మాపటికి స్నానం చేసి, దీపం పెట్టి, ఒక్క పూట తినడం. నా చిన్నప్పటి స్నేహితురాళ్లంతా సోమవారమో శనివారమో ఒక్కపొద్దులుండేవాళ్లే. వాళ్లలో ఎవరినైనా "ఉపవాసం ఉంటవా?" అని అడిగితే "లే, గది మీరుంటరు గద" అంటుంది. ఈ తేడా హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చుని ఫారం రాసినవాడికి తెలియదు. నాకు తెలుసు. తెలిసిన నేనే ఆ ప్రశ్నను పుస్తకంలో పాఠం చదివినట్టు చదివాను, ఆమె ఇచ్చిన జవాబు ఆమె దృష్టిలో నూటికి నూరుపాళ్లు నిజం.

ఇక మాత్రల లెక్క. వాలంటీరు ప్రతిసారీ డబ్బా వెంట తేవాలి. మిగిలిన మాత్రలను పళ్లెంలో పోసి, ఎన్ని వేసుకున్నారు, ఎన్ని తప్పారు అని చూసేదాన్ని. చాలామంది తప్పేవారు. ఒకాయన మనవడి పెళ్లిలో నాలుగు రోజులు మరిచిపోయాడు. ఒకామె రెండు మాత్రలు చెల్లెలికిచ్చి "దానికీ షుగరే" అంది. ఈ మిల్లు మనిషి డబ్బాలో మాత్రం ఒక్క మాత్ర తేడా వచ్చేది కాదు. ఆమె ముందునుంచీ వేసుకుంటున్న పాత షుగరు మాత్రలు, ట్రయల్ మాత్రలు, అన్నీ సరిగ్గా. మూడోసారి వచ్చినప్పుడు బయట కూర్చున్న వాళ్లందరి ముందు ఆమె భుజం మీద చెయ్యి వేసి, "ఈ అక్కను చూసి నేర్చుకోండి" అన్నాను. ఆమె మొహం వెలిగిపోయింది. ఇంటికి పోయేటప్పుడు సంచిలోంచి నిమ్మకాయలు తీసి నా బల్ల మీద పెట్టి పోయింది.

నాలుగోసారి వచ్చింది గురువారం. ఆ రోజు హైదరాబాదు నుంచి మానిటరు వచ్చి ఉన్నాడు. మానిటరంటే మా ఫైళ్లు తనిఖీ చేసే కంపెనీ మనిషి. పక్క గదిలో కూర్చుని, తప్పు దొరికిన కాగితాలకు గుర్తుగా ఎర్ర జెండాల్లాంటి చీటీలు అంటిస్తున్నాడు. పొద్దున వస్తూనే చెప్పాడు, మిర్యాలగూడలో వాలంటీర్లు మరీ తక్కువగా ఉన్నారని, ఇంకొక్కరు తగ్గినా ఈ సెంటరు మూసేస్తారని. సెంటరు మూస్తే కోదాడ అమ్మాయి ఇంటికి పోవాల్సిందే. నన్ను మళ్లీ వార్డుకు పంపిస్తారు. నా మోకాళ్లు వార్డు డ్యూటీ చేసే స్థితిలో లేవు. ఇవన్నీ సాకులని నాకు తెలుసు, అయినా ఆ రోజు నా తలలో ఏం తిరుగుతోందో మీకు చెప్పాలి కదా.

రక్తం తీశాను, బీపీ చూశాను, మాత్రలు లెక్కపెట్టాను. ఎప్పటిలాగే సరిగ్గా ఉన్నాయి.

"ఎట్లున్నది అక్కా పానం?"

"మంచిగనే ఉన్నది. శనివారం నాడే జర గాబరైతది. చెమటలు పడ్తయ్, కాళ్లు వణుకుతయ్. మాపటికి ఇంత తిన్నంక కుదురుకుంట."

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. "శనివారమే ఎందుకు?"

"ఒక్కపొద్దు గద సిస్టరమ్మా."

"నువ్వు ఉపవాసాలు ఉండనన్నవ్ గద!"

"ఉపవాసం మీరుంటరు గద, శుక్రవారం. మాది ఒక్కపొద్దు." నా మెడలో సిలువ వైపు చూసి, నాకు తెలియని సంగతేదో నేర్పుతున్నట్టు మెల్లగా చెప్పింది. "నా బిడ్డ కడుపుతోని ఉన్నది. ముందుగాల రెండు నిలవలే. గిది మూడోది. తొమ్మిది శనివారాలు మొక్కిన. ఆరయినయ్, ఇంక మూడే."

"మరి శనివారం పొద్దుగాల గోలి?"

"ఇంతకుముందు ఒక్కపొద్దు నాడు పొద్దటి గోలి ఏసుకోకపోయేది. ఉత్త కడుపు గద, పడది. ఇప్పుడు నువ్వు లెక్క అడుగుతవ్. నలుగుర్ల మంచిగ చెప్పినవ్ నా గురించి. గందుకే తప్పకుంట ఏసుకుంటున్న."

పిల్లలూ, ఈ మాటలు మళ్లీ చదవండి. చదువు లేని ఆ మనిషికి తన ఒంటికి ఏది పడుతుందో, ఏది పడదో తెలుసు. ఏళ్ల తరబడి ఒక్కపొద్దు నాడు మాత్ర ఆపి తన ప్రాణం తాను కాపాడుకుంటూ వచ్చింది. ఆ అలవాటును పళ్లెంలో మాత్రలు లెక్కపెట్టి, నలుగురిలో మెచ్చుకుని, నేను మాన్పించాను.

ఆ క్షణాన నేను చేయాల్సిన పని చిన్నపిల్లకు కూడా తెలుసు. ఆమె చెప్పింది చెప్పినట్టు ఫైల్లో రాయాలి. లోపలికి వెళ్లి డాక్టరుకు చెప్పాలి. ఆయన మాత్రలు ఆపుతాడు, ఆమెను ట్రయల్ నుంచి తప్పిస్తాడు. అంతే. పక్క గదిలో మానిటరు దగ్గు వినిపించింది. రాస్తే ఆ కాగితానికి మొదటి జెండా పడుతుంది. మొదట్లోనే అడిగి తెలుసుకోలేదేమని నన్ను అడుగుతారు.

పెన్ను మూసేశాను.

"చూడక్కా, ఆ మూడు వారాలు ఒక్కపొద్దు మానెయ్. లేకపోతే పొద్దుగాల ఇంత అన్నం తిని గోలి ఏసుకో. ఏదో ఒకటి చెయ్. ఉత్త కడుపున మాత్రం ఏసుకోకు. సరేనా?"

"సరే సిస్టరమ్మా."

మా ప్రాంతంలో "సరే" అన్న మాటకు ఒప్పుకున్నట్టు అర్థం కాదు. ఎదుటి మనిషిని నొప్పించడం ఇష్టం లేదని అర్థం. ఇది కూడా నాకు తెలుసు. కూతురి కడుపు కోసం మొక్కిన తల్లి, ఆరు వారాలు గడిచాక, నర్సు చెప్పిందని ఏడో వారం పొద్దున్నే అన్నం తింటుందా? "ఆ రోజు గోలి ఏసుకోవద్దు" అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట అంటే నా మాత్రల లెక్క తప్పుతుంది. అందుకే అనలేదు. ఫారంలో 'ఇబ్బందులు' అన్న చోట "ఏమీ లేవు" అని రాసి, డాక్టరు సంతకానికి పంపించాను.

కోదాడ అమ్మాయి అదే గదిలో కిటికీ దగ్గర కూర్చుని టైపు చేసుకుంటోంది. తలెత్తి ఒకసారి నా వైపు చూసింది, మళ్లీ పనిలో పడింది.

ఆ వారం శనివారం ఏమీ కాలేదు. ఆ పై శనివారం నేను కోదాడలో ఉన్నాను. మధ్యాహ్నం ఫోను మోగింది. మిల్లు గుమాస్తా.

"మేడం, ఈమె సంచిల మీ కార్డున్నది, నెంబరు చూసి చేస్తున్న. కింద పడ్డది. లేపితే లేస్తలేదు. ఎండదెబ్బ అనుకుని నీడకు పండబెట్టినం. రెండు గంటలాయె."

ఆ కార్డు ట్రయల్లో ఉన్నవాళ్లందరికీ ఇస్తాం. "అత్యవసర పరిస్థితిలో" అన్న మాట నుంచి మందు పేరు దాకా మొత్తం ఇంగ్లిషులో ఉంటుంది. అందులో వాళ్లు చదవగలిగింది నా ఫోను నెంబరు ఒక్కటే.

"ఎండదెబ్బ కాదు. షుగరు పడిపోయింది. నోట్ల ఏమీ పొయ్యకుండ్రి. ఆటోల ఏసి దవాఖానకు ఉరకుండ్రి, గ్లూకోజు ఎక్కించమని చెప్పుండ్రి." అరిచాను. బస్సు కోసం ఆగకుండా కోదాడ అమ్మాయిని వెంటబెట్టుకుని కారు మాట్లాడుకుని బయల్దేరాను.

మేము చేరేసరికి గ్లూకోజు ఎక్కుతోంది. చక్కెర పైకి వచ్చింది, మనిషి రాలేదు. ఆలస్యమైతే మెదడు దెబ్బతింటుంది. హైదరాబాదు తీసుకెళ్లారు. పన్నెండో రోజు పోయింది. ఆ వెనక రెండు వారాలకు కూతురికి ఆడపిల్ల పుట్టింది, క్షేమంగా.

ట్రయల్లో ఉన్న మనిషికి ఇంత పెద్ద ప్రమాదం జరిగితే ఒక్క రోజులో నివేదిక పంపాలి. ఆమె ఇంకా హైదరాబాదులో ఊపిరి పీలుస్తుండగానే డాక్టరుగారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. మిల్లులో వాళ్లు ఆ రోజు ఆమె ఒక్కపొద్దని చెప్పారట.

"సిస్టర్, ఒక్క మాట. ఆమె మనకు ఎప్పుడైనా చెప్పిందా?"

నేను అబద్ధం ఆడబోతున్నానని నాకు తెలియదు. నోరు తెరిచాను, వచ్చిన మాట అది.

"లేదు సర్."

ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. ఇంకోసారి అడిగి ఉంటే చెప్పేసేదాన్నేమో. అడగలేదు. "సరే, అట్లే రాద్దాం" అన్నాడు. ఆయన ఇంకో జవాబు కోరుకోలేదని ఇన్నేళ్ల తర్వాత అనుకుంటే నాకు కొంచెం తేలికవుతుంది. అందుకే అలా అనుకోవడం మానేశాను. అబద్ధం ఆయనది కాదు, నాది.

బయటికి వస్తే కోదాడ అమ్మాయి వరండాలో నిలబడి ఉంది.

"అక్కా, ఆవిడ ఆ రోజు శనివారం గురించి ఏదో చెప్పారు కదండీ మీతో?"

"నువ్వు టైపు చేసుకుంటున్నవ్. నీకు సరిగ్గ వినపడలే."

"వినపడిందక్కా."

"వినపడితే ఏంది ఇప్పుడు? మనిషి లేస్తదా?"

ఆ పిల్ల నెల తిరక్కుండా ఉద్యోగం మానేసింది. ఇప్పుడు కోదాడలో మందుల దుకాణంలో ఉందని విన్నాను. పోయేటప్పుడు అందరికీ నమస్కారం పెట్టి, నాకు మాత్రం పెట్టకుండా పోయింది. నా కంటే ముప్పై ఏళ్లు చిన్నది. మా ఇద్దరిలో ఆ ఉద్యోగానికి తగిన మనిషి ఆమే, మిగిలింది నేను.

నివేదికలో చివరికి ఇలా రాశారు: "ఉపవాస విషయాన్ని వాలంటీరు వెల్లడించలేదు." కంపెనీ చేతులు దులుపుకుంది. ఆమెకు చిట్టీలో వచ్చింది కొత్త గోలో, ఉత్త గోలో మాకు ఎవరూ చెప్పలేదు. కూతురు బాలింత ఒంటితోనే ఆసుపత్రికి వచ్చి గొడవ పెట్టుకుంటే, కంపెనీ మనుషులు ఆమెను కూర్చోబెట్టి వీడియో చూపించారు. నేనూ ఆ గదిలోనే ఉన్నాను. తెర మీద తల్లి కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది. నా గొంతు ప్రశ్న చదివింది. "లే సిస్టరమ్మా. ఉపవాసాలు మేమెక్కడుంటం" అంటూ నవ్వింది.

కూతురు తెర వైపే చూస్తూ, "గింత అబద్ధమెందుకు ఆడినవే అమ్మా" అంది. లేచి, పిల్లను ఎత్తుకుని పోయింది. మళ్లీ రాలేదు.

అప్పుడైనా నోరు విప్పొచ్చు. ఒక్క మాట. 'మీ అమ్మ అబద్ధం ఆడలేదమ్మా, ఆ మాటకు మీ ఇంట్లో అర్థం వేరు, పైగా ఆమె నాకు చెప్పింది.' ఇదంతా నాలుక చివరి దాకా వచ్చింది. వీడియో తీసేసిన ప్రొజెక్టరు నీలిరంగు తెరను చూస్తూ కూర్చున్నాను.

ఆ తర్వాత నేను చాలా మంచి కోఆర్డినేటర్ని అయ్యాను. నవ్వు వస్తోంది కానీ నిజం. ప్రతి ఆడమనిషినీ అడిగేదాన్ని, "ఒక్కపొద్దులుంటవా? ఏ వారం?" అని. ఎంతమంది ఉంటామన్నారో చెబితే ఆశ్చర్యపోతారు. ఫారంలో ఆ మాట చేర్చమని పైకి రాశాను. ఆ పదం ప్రామాణిక తెలుగులో లేదు కాబట్టి చేర్చడం కుదరదని జవాబు వచ్చింది. ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశాను. కోపం వాళ్ల మీద తెచ్చుకోవడం ఎంత హాయిగా ఉందో ఆ రోజు. ఫారం రాసినవాడికి ఆ మాట తెలియదు, అంతవరకే వాడి తప్పు. ఆమె నోటితో విన్న తర్వాత జరిగినదంతా నాదే.

నిరుడు రిటైరయ్యాను. శాలువా కప్పారు. డాక్టరుగారు మైకు పట్టుకుని, "సిస్టర్ ఫైళ్లలో ఒక్క తప్పు కూడా ఎవరూ పట్టలేకపోయారు" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేను కూడా నవ్వుతూ దండం పెట్టాను. ఆ మాట అక్షరాలా నిజం. ఎవరూ పట్టలేకపోయారు.

ఇంట్లో ఖాళీగా కూర్చుంటే ఆ కూతురు గుర్తుకు రావడం మొదలైంది. పోయినామెకు నేను చేయగలిగింది ఏమీ లేదు. కానీ హాలియాలో ఒక ఆడమనిషి తన తల్లి అబద్ధాలకోరని నమ్ముతూ బతుకుతోంది. అది నేను మార్చగలను, ఇంకెవరూ మార్చలేరు. ఆ సంగతి తెలిసి కూడా బస్సెక్కడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది.

హాలియాలో ఆమె బట్టలు కుడుతుంది. రోడ్డు పక్కన ఒక గది, ఒక మిషను, గోడకు తగిలించిన జాకెట్లు. పిల్ల కింద కూర్చుని గుడ్డ పీలికలతో ఆడుకుంటోంది, మూడేళ్లు దాటినట్టుంది. నన్ను వెంటనే గుర్తుపట్టలేదు. చెప్పాక, మిషను ఆపకుండానే, "ఏమైనా సంతకాలు పెట్టాల్నా మేడం? గా కేసు అయిపోయింది గద" అంది.

నిలబడే చెప్పాను. కూర్చోమని ఆమె అనలేదు, నేనూ కూర్చోలేదు. గురువారం సంగతి, శనివారం గాబర సంగతి, తొమ్మిది వారాల మొక్కు, పొద్దటి మాత్ర, నేను పెన్ను మూసేయడం. డాక్టరు అడిగితే లేదనడం. వీడియో చూపించిన రోజు పక్కనే కూర్చుని నోరు మూసుకోవడం. ఒక్కటీ దాచలేదు. చెబుతుంటే మిషను నడుస్తూనే ఉంది. ఎక్కడ ఆగిందో నాకు తెలియదు.

"మా అమ్మ చెప్పిందా?" అంది.

"చెప్పిందమ్మా."

"నీకు చెప్పిందా? నీ ముంగట కూసోని?"

"అవును."

పిల్ల ఏదో అడిగితే వినిపించుకోలేదు. దారం తెంపిన వేలు అలాగే నోటి దగ్గర ఉంది.

"మూడేండ్ల సంది మా అమ్మను తిట్టుకుంట బతుకుతున్న సిస్టర్. నా కోసమే మొక్కిందని తెలిసి ఇంకింత తిట్టిన. అబద్ధమాడి సచ్చింది, నన్ను మొగం లేకుంట చేసిందని ఊరంత చెప్పిన. ఏడాది మాసికానికి సుత పోలే."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. లేచి, కొలతలు రాసుకునే పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, పెన్నుతో సహా నా చేతిలో పెట్టింది.

"రాసియ్యి."

"ఏం రాయాలమ్మా?"

"ఇప్పుడు నోటితోని చెప్పినవ్. మీకు రాసిందే లెక్క గద. మా మేనమామలకు సూపెట్టాలె, మిల్లుల సూపెట్టాలె. రాసియ్యి."

కత్తిరింపుల బల్ల మీద కాగితం పెట్టుకుని రాశాను. ఈమె తల్లి ఒక్కపొద్దు ఉంటానని, శనివారం గాబరగా ఉంటోందని నాకు చెప్పింది. నేను రాసుకోలేదు. తర్వాత అడిగినప్పుడు చెప్పలేదని అబద్ధం చెప్పాను. ఆమె ఏమీ దాచలేదు. కింద సంతకం చేశాను, తేదీ వేశాను.

ఆమె కాగితం తీసుకుని రెండుసార్లు చదివింది. గోడ గడియారం వైపు చూసి, మళ్లీ నా వైపు చూసింది. గొంతు పెంచలేదు.

"గప్పుడు రాయనీకి సుత గింత సేపే పట్టేది గద సిస్టర్."

"అవునమ్మా" అన్నాను.